ఆఖరికి ముందు శుక్రవారం

ఆ సీరియల్లో హంతకుడెవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఏలూరులో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ చూశారు కాబట్టి ఎవరినడిగినా చెప్పేవారే. నేను అడగలేదు. మేము ఆఖరికి ముందు భాగం దాకా వదలకుండా చూశాం. ఆఖరి భాగం వచ్చిన శుక్రవారం మాత్రం మా ఇంట్లో టీవీ పెట్టలేదు. కోపం వచ్చి పెట్టలేదు. ఆ కోపంలో ఎక్కువ వాటా నాదే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. సెల్‌ఫోను అంటే మాట్లాడుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని రోజులు. ఆ సీరియల్ వారానికోసారి, శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టాక వచ్చేది. కథ మా వైపుదే. కొల్లేటిలో ఒక చేపల చెరువు ఆసామి శవమై తేలతాడు. చంపింది భార్యా, తమ్ముడా, ఐసు ఫ్యాక్టరీలో వాటాదారుడా అని ఒక పోలీసు ఇనస్పెక్టరు తల బద్దలు కొట్టుకుంటూ ఉంటాడు. మా వీధిలో ఆడవాళ్లందరూ భార్యే అని తీర్మానించేశారు. ఆవిడ కట్టుకునే చీరలు వాళ్లకి నచ్చలేదు.

మా నాన్నగారు సీరియళ్లు చూసే మనిషి కాదు. ఇది మాత్రం చూసేవారు. చూస్తున్నట్టు ఒప్పుకునేవారు కాదు. సరిగ్గా ఆ టైముకి కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చి, కాఫీ అయిపోయినా గ్లాసు పట్టుకునే కూర్చునేవారు.

ఆయన పురోహితులు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఒడుగులు, నామకరణాలు చేయించేవారు. చావుకు సంబంధించినవి చేయించేవారు కాదు. వాటికి వేరే వారుంటారు. వారూ అంత చదువుకున్నవారే, అంత నిష్ఠగలవారే. కానీ పాడె దగ్గర కూర్చున్న పురోహితుణ్ణి మా వైపు పెళ్లి పందిట్లోకి పిలవరు. ఒక ఇంట్లో మనిషి పోతే పలకరింపుకు వెళ్లాల్సి వచ్చినా మా నాన్నగారు వీధి చివర నిలబడి కబురు పంపేవారు. అది న్యాయమా అన్యాయమా అని నేను చాలాసార్లు వాదించాను. ఆయన వాదించేవారు కాదు. "ఊరు నమ్ముతుందమ్మా. నమ్మేవాళ్ల ఇంట్లో మనం పని చేస్తున్నాం" అనేవారు.

ఆయనకు ప్రాణస్నేహితుడు మా పక్కింటి షామియానాల బాబాయిగారు. వాళ్లు ముస్లిములు. వాళ్ల నాన్నగారి దాకా ఏలూరు తివాచీలు నేసేవారు. నేత తగ్గిపోయాక ఈయన షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే షాపు పెట్టారు. మా నాన్నగారికి ఎక్కడ పెళ్లి కుదిరినా షామియానా ఈయనది. ఈయన దగ్గరికి ఎవరైనా పందిరి కోసం వస్తే "పంతులుగారిని మాట్లాడుకున్నారాండీ?" అని అడిగేవారు. ఇద్దరూ కలిసి పశ్చిమగోదావరిలో తిరగని ఊరు లేదు. పందిరి గుంజ ఎటువైపు పాతితే ముహూర్తానికి పెళ్లికూతురి మొహం మీద ఎండ పడదో మా నాన్నగారు చెప్పేవారు, ఆయన పాతించేవారు.

ఆ బాబాయిగారే ఒక రోజు పొద్దున్నే నవ్వుతూ వచ్చారు. సీరియల్ వాళ్లు కైకలూరు అవతల చెరువుగట్ల మీద షూటింగు చేస్తున్నారని, షామియానాలు తనవేనని చెప్పారు.

"వాళ్లకి మంచి మొహం, మంచి గొంతు ఉన్న పంతులుగారు కావాలటండీ. మీ పేరు చెప్పేశానండీ" అన్నారు.

"నేనేం చెయ్యాలటండీ?" అని నాన్నగారు అడిగారు.

"మంత్రాలు చదవడమేనటండీ. ఇంకేవీ చెప్పలేదండీ."

ఇంకేమైనా అడగాలని ఇద్దరికీ తట్టలేదు. మంత్రాలంటే ఆ ఇద్దరి బుర్రల్లోనూ పీటలు, కొబ్బరికాయలు, మామిడాకులు తప్ప ఇంకేమీ లేవు. పాతికేళ్లుగా ఇద్దరూ చూసింది అదే. మా అమ్మ పట్టుపంచె తీసి తనే ఇస్త్రీ చేసింది. నాకు కాలేజీ సెలవు కాబట్టి నేనూ బాబాయిగారి వ్యానెక్కాను.

కైకలూరు దాటి గట్టు మీదికి మళ్లాక ఎటు చూసినా నీళ్లే. చేపల మేత వాసన, గాలి, కొంగలు. షామియానా కింద కుర్చీల్లో చాలామంది ఉన్నారు. నాన్నగారు వ్యాను దిగి, పూజాపీఠం కోసం చూస్తూ చెప్పులు విడవబోయి ఆగిపోయారు. షామియానా అవతల పచ్చివెదురు పాడె ఉంది. దాని మీద ఒక మనిషి, మెడలో దండలు, ముక్కులో దూది. పక్కన పిడకలు పెట్టిన కుండ పొగ కక్కుతోంది.

"ఏంటండీ ఇది, భాయిగారూ?" అన్నారు నాన్నగారు మెల్లగా.

బాబాయిగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఒట్టండీ, నాకూ తెలీదండీ. తెలిస్తే మిమ్మల్ని తీసుకొస్తానాండీ?" అన్నారు.

టోపీ పెట్టుకున్న డైరెక్టరు కుర్రాడు వచ్చి దణ్ణం పెట్టాడు. మంచివాడే. సీను వివరించాడు. అంత్యక్రియలు జరుగుతుంటాయి, ఇనస్పెక్టరు దూరంగా నిలబడి ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఏడుస్తున్నట్టు నటిస్తున్నారో గమనిస్తుంటాడు, వెనకాల మంత్రం వినిపిస్తూ ఉంటుంది. నాన్నగారు తను ఈ పని చేయనని చెప్పారు.

"నిజం శవం కాదు కదండీ, పంతులుగారూ" అన్నాడు డైరెక్టరు.

"అదేనండీ నా బాధ. పోయినవాళ్లకి చదివేది బతికున్న మనిషి మీద ఎలా చదవనండీ?"

డైరెక్టరు తల గోక్కున్నాడు. ఎండ వాలిపోతోంది. తెల్లచీరలు కట్టించిన ఆడవాళ్లు పొద్దుటి నుంచీ కూర్చున్నామని విసుక్కుంటున్నారు. అప్పుడు పాడె మీద మనిషి ఒక కన్ను తెరిచాడు.

"తొరగా కానిచ్చేయండి పంతులుగారండీ. దూదితో ఊపిరాడతం లేదండీ" అన్నాడు.

అతను నటుడు కాదు. కైకలూరులో రొయ్యల మేత షాపు ఉన్న మనిషి. సీరియల్లో ఆసామి మొదటి నుంచీ శవమే కాబట్టి బొద్దుగా ఉన్న మొహం ఒకటి చాలని అతన్ని అడిగారు. సరదాపడి ఒప్పుకున్నాడు. పాడె ఎక్కాక సరదా దిగిపోయింది. కాళ్లు కట్టేసరికి మొహం పాలిపోయిందని పక్కవాళ్లు చెప్పారు. "మా అమ్మకి చెప్పలేదండీ" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

నాన్నగారు అతని వంక చాలాసేపు చూశారు. వెళ్లిపోదాం రండి అని నేను చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన కదల్లేదు. చివరికి డైరెక్టరుతో, "కూర్చుంటానండీ. ఏం చదవాలో మాత్రం నాకు వదిలేయండి" అన్నారు.

"మీ ఇష్టమండీ. సంస్కృతమైతే చాలండీ" అన్నాడు అతను.

నాన్నగారు పాడె పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నారు. మొదటి మాటకే నాకు తెలిసిపోయింది. పెళ్లిలో అంతా అయిపోయాక, వధూవరుల నెత్తిన అక్షింతలు వేసేటప్పుడు చదివే ఆశీర్వచనం అది. నిండు నూరేళ్లు బతకమని చెప్పేది. పెళ్లికి వెళ్లినవాళ్లెవరైనా అర్థం తెలియకపోయినా ఆ వరస గుర్తుపడతారు. మిగతా పంతుళ్లు తథాస్తు అనే చోట నాన్నగారు కొంచెం ఆగి, ఎవరూ అనకపోతే మళ్లీ సాగించారు. బాబాయిగారు నా పక్కనే నిలబడి వింటున్నారు. వెయ్యి పెళ్లిళ్లలో విన్న మనిషి. నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు.

ఇంతలో డైరెక్టరు కట్ అని అరిచాడు. శవం నవ్వుతోంది.

"ఏమైందయ్యా?" అని అందరూ అతని మీదికి వచ్చారు. అతను నాన్నగారి వైపు తిరిగి, వాళ్లకి వినపడకుండా, "ఇది మా పెళ్లిలో చదివిందే కదండీ?" అన్నాడు. నాన్నగారు కళ్లతోనే అవునన్నారు. అతను హమ్మయ్య అని తల మళ్లీ వెదురు మీద ఆనించాడు. రెండోసారి తీసినప్పుడు ఎంత నిశ్చింతగా పడుకున్నాడంటే, అయిపోయాక అతన్ని లేపాల్సి వచ్చింది.

పాడె మీద ఉన్నవాడు బతికున్నవాడు కాబట్టి మైల లేదని నాన్నగారే వాదించారు. వాదించి, చెరువుకి నీళ్లు తోడే మోటారు కింద పట్టుపంచెతో సహా స్నానం చేశారు. తడిబట్టలతో వ్యానెక్కుతూ నాతో, "అమ్మకి పూజ సీనని చెబుదాం. ఇదంతా కోసేస్తారులే" అన్నారు. అమ్మ పంచె ఎందుకు తడిసిందని అడిగితే గట్టు మీద జారానన్నారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. ఎటు జారారో చెప్పమంటే రెండు వైపులా చూపించారు.

అమ్మ నమ్మింది. నమ్మి ఊరుకుంటే బాగుండేది. మా ఆయన సీరియల్లో వస్తున్నారని వీధి వీధంతా టముకు వేసింది. భీమడోలులో ఉన్న తన అక్కగారికి చెప్పింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి గారింటికి ఫోను చేసి మరీ చెప్పింది.

ఆ ఉల్లిపాయల వారింటి గురించి చెప్పాలి. ఉల్లిపాయ నోట పెట్టని మా నాన్నగారికి ఆ ఇంట్లో ఉన్నంత గౌరవం ఇంకెక్కడా లేదు. గుమ్మంలోనే బస్తాలు, ఇల్లంతా ఆ ఘాటు. నాన్నగారు కళ్లు తుడుచుకుంటూనే వాళ్లింట్లో ప్రతి శుభకార్యం చేయించారు. వాళ్ల అమ్మాయికి పేరు పెట్టించింది ఆయనే, పలక మీద మొదటి అక్షరం చెయ్యి పట్టి దిద్దించింది ఆయనే. ఆ అమ్మాయి చిన్నప్పుడు మా ఇంటికొస్తే ఆయన ఒళ్లోంచి దిగేది కాదు. నాకు కుళ్లుగా ఉండేది. ఇప్పుడు ఆ అమ్మాయికి పెళ్లి కుదిరింది. ముహూర్తం పెట్టింది నాన్నగారు, షామియానా బాబాయిగారిది. ఈ పెళ్లి చేతులారా చేయించాలన్నది ఆయన కోరిక. అలాంటి కోరికలు పైకి చెప్పని మనిషి, ఈ ఒక్కటి మాత్రం రెండు మూడుసార్లు అన్నారు.

అందుకే ఆ శుక్రవారాలు నాన్నగారికీ నాకూ గండంగా గడిచాయి. ఆసామి శవానికి పోస్టుమార్టం ఎప్పటికీ తెమలలేదు. ఒక వారం రిపోర్టు రాలేదు, ఇంకో వారం రిపోర్టు మారిపోయింది. శవం ఆస్పత్రిలో ఉన్నంతకాలం మాకు ఊపిరాడేది. "ఈ వారం కూడా లేరేంటండీ?" అని అమ్మ ముఖం మాడ్చుకునేది. నాన్నగారు ఖాళీ గ్లాసులోంచి ఒక గుక్క తాగేవారు.

తర్వాత ఒక శుక్రవారం, అయిపోయే ముందు వచ్చేవారం ముక్కలు చూపించారు. వచ్చేవారం ఆఖరికి ముందు భాగమని, ఎవరూ మిస్సవ్వద్దని ఒక బొంగురు గొంతు చెప్పింది. ఆ ముక్కల్లో వెదురు పాడె ఒకటి రెప్పపాటు కనిపించింది. అమ్మ వంటింట్లో ఉంది. నేను నాన్నగారి వంక చూశాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

ఆ వారమంతా అమ్మకి చెప్పేద్దాం అంటాను నేను, చూద్దాం అంటారు ఆయన. చూద్దాం అంటే కరెంటు పోతుందేమో చూద్దామని. మా వీధిలో ఆ టైముకి కరెంటు పోవడం మామూలే. ఆ రోజు పోలేదు. ఏలూరులో బల్బులు అంత నిండుగా వెలగడం నేను మళ్లీ చూడలేదు.

హాలు నిండిపోయింది. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చారు. బాబాయిగారు, ఆయన భార్య గుమ్మం దగ్గర కుర్చీల్లో కూర్చున్నారు. అమ్మ అందరికీ కాఫీలిచ్చి, టీవీకి ఎదురుగా పీట వేసుకుంది. మొదటి ప్రకటనలు అయిపోగానే చెరువుగట్టు వచ్చింది, తెల్లచీరలు వచ్చాయి, పాడె వచ్చింది. పాడె పక్కన, తెర నిండా, మా నాన్నగారి మొహం. ఆయన అందగాడని నాకు అప్పుడే మొదటిసారి అనిపించింది.

హాల్లో ఒకావిడ ముక్కున వేలేసుకుని, ఆ వేలు అలాగే ఉంచేసింది. ఇనస్పెక్టరు ఒక్కొక్క మొహాన్నీ చూస్తున్నాడు. వెనకాల నాన్నగారి గొంతు గంటలా వినిపిస్తోంది. కాసేపటికి అమ్మ తల కొంచెం పక్కకి వంచింది. ఇరవై ఐదేళ్లు పురోహితుడి భార్యగా ఉన్న మనిషి.

"ఏవండీ, ఇది ఆశీర్వచనం కదండీ?" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

"అవును."

"బతికున్నవాళ్లకి చదివేది కదండీ?"

"బతికున్నవాడికే చదివాను" అన్నారు నాన్నగారు.

అమ్మ లేచి టీవీ కట్టేసింది. వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లొస్తామండీ అని లేచారు. బాబాయిగారు మాత్రం వెళ్లలేదు. ఇదంతా తన వల్లే వచ్చిందని, తన చెంపలు తనే వేసుకున్నారు. నాన్నగారు ఆయన చేతులు పట్టుకుని ఆపారు. అందరూ వెళ్లాక అమ్మ నా మీద, నాన్నగారి మీద కలిపి కేకలేసింది. పాడె దగ్గర కూర్చున్నందుకు కాదు. "ముందే ఒక్క మాట చెప్పుంటే నా నోరు కట్టేసుకునేదాన్ని కదండీ. తాడేపల్లిగూడెం వాళ్లని చూడమని చెప్పింది నేనే కదండీ" అని ఏడ్చింది.

వారం తిరగకుండానే అన్నీ మొదలయ్యాయి. భీమడోలులో ఒక గృహప్రవేశం వాళ్లు ముహూర్తం మార్చుకున్నామని కబురు పెట్టారు. అదే ముహూర్తానికి వేరే ఆయన చేయించారని తర్వాత తెలిసింది. నాన్నగారితో పెళ్లిళ్లకు వచ్చే పురోహితులు ఇద్దరు వచ్చి, ఎంత టీవీ అయినా పాడె పక్కన కూర్చోవడం ఏమిటండీ అని మందలించి వెళ్లారు. వాళ్లటు వెళ్లగానే అపరకర్మలు చేయించే పెద్దాయన ఒకరు వచ్చారు. శవం ముందు ఆశీర్వచనం చదివి తమ పనిని నవ్వులపాలు చేశారని ఆయన కోపం. నాన్నగారు వాళ్లకీ, ఈయనకీ మజ్జిగ ఇప్పించి, అందరికీ అవునండీ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లకి కనిపించింది మాత్రమే తప్పు, ఈయనకి వినిపించింది మాత్రమే తప్పు. కనిపించిందీ వినిపించిందీ కలిపి చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్లు వెళ్లాక ఈ మాటే గట్టిగా అన్నాను. "నెమ్మదమ్మా, వీధి తలుపు తీసుంది" అన్నారు నాన్నగారు.

తాడేపల్లిగూడెం నుంచి ఫోను వచ్చింది. ఒకసారి వచ్చి వెళ్లండి పంతులుగారూ, అని. అంతే. నాన్నగారు ప్యాసింజరుకి బయల్దేరారు. ఆయన వద్దన్నా నేను వెంట వెళ్లాను.

ఎప్పటిలాగే కాళ్లకు నీళ్లిచ్చారు, కుర్చీ వేశారు. వ్యాపారి గారు చాలాసేపు ఉల్లిపాయల రేటు గురించి మాట్లాడారు. ఆయన భార్య తలుపు పక్కన నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఉల్లిపాయల వల్ల కాదని తెలుస్తూనే ఉంది. ఆఖరికి ఆయనే అన్నారు.

"మాకేం పట్టింపు లేదండీ. మగపెళ్లివారు సీరియల్ చూశారటండీ. ఆయనేనా పెళ్లి చేయించేది అని అడిగారండీ. మీరు పెద్దవారు, మీకు తెలియంది కాదండీ."

చదివింది ఆశీర్వచనమని నేను చెప్పబోయాను. నాన్నగారు నా మోచేయి మీద చెయ్యి వేశారు.

"నేను రానండీ. వాళ్లు కాదు, నేనే అంటున్నాను" అన్నారు. "ఇప్పుడు మీరు వాళ్లకి నచ్చజెప్పి నాచేత చేయించినా, రేపు అమ్మాయికి కాస్త జ్వరమొస్తే వాళ్లకి పాడె గుర్తొస్తుందండీ. పిల్ల ఆ మాటలు పడకూడదు. పాలకొల్లు నుంచి మంచి ఆయన్ని నేను మాట్లాడి పంపిస్తాను."

వ్యాపారి గారు తలొంచుకున్నారు. ఆయన మొహంలో బరువు దిగినట్టు కనిపించింది. అది చూసి నాకు ఆయన మీద ఇంకా కోపం వచ్చింది.

మేము గుమ్మం దిగుతుంటే ఆ అమ్మాయి మంచినీళ్ల గ్లాసుతో వచ్చింది. లోపలి నుంచి అన్నీ విన్నట్టుంది. "మరి నాకు ఆశీర్వచనం ఎవరు చదువుతారండీ, పంతులుగారూ?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నారు నాన్నగారు. ఆ అమ్మాయికి ఏమర్థమైందో తెలియదు. నాకు మాత్రం అర్థం కాలేదు.

తిరుగు బండిలో ఆయన కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు కొన్నారు. భీమడోలు వచ్చేదాకా ఒక్కటీ ఒలవలేదు. అక్కడ బండి ఆగినప్పుడు పొట్లం నాకిచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, తుడుచుకున్న కండువా చాలాసేపు మొహం మీద నుంచి తియ్యలేదు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. చూడనట్టు కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాతి శుక్రవారమే ఆఖరి భాగం. హంతకుడెవరో చెప్పే రోజు. పక్కిళ్లలోంచి సీరియల్ పాట వినిపిస్తోంది. నాన్నగారు అలవాటు కొద్దీ కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చారు. నేను టీవీ ముందు కుర్చీ అడ్డంగా వేసుకుని, దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఆయన నవ్వి, గ్లాసు పట్టుకుని అరుగు మీదికి వెళ్లిపోయారు.

బాబాయిగారు ఆ పెళ్లికి షామియానా వెయ్యనని మొండికేశారు. మీరు లేని పందిట్లో నాకేం పనండీ అన్నారు. నాన్నగారు ఆయన్ని కూర్చోబెట్టి, వాళ్ల పెరడు ఎటు తిరిగి ఉంటుందో నేల మీద వేలితో గీసి చూపించారు. మధ్య గుంజ మామూలుగా వేసేచోట వేస్తే ఎండ పిల్ల కళ్లల్లో కొడుతుందని, జానెడు ఉత్తరానికి జరపమని చెప్పారు. బాబాయిగారు ఆ గీతల వంక చూసి, లేచి వెళ్లి లారీకి సామాను ఎక్కించారు.

పెళ్లి రోజు పొద్దున్న నాన్నగారు మామూలుగా లేచారు. మామూలుగానే సంధ్య వార్చుకున్నారు. ఆ తర్వాత, ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా, చెరువు మోటారు కింద తడిసిన ఆ పట్టుపంచె కట్టుకున్నారు. అమ్మ గిన్నెలో బియ్యానికి పసుపు కలిపి ఆయన పక్కన పెట్టింది. ఆయన ఫోను బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బాబాయిగారితో ఏదో మాట్లాడుకున్నారని అప్పుడు తెలిసింది.

ముహూర్తం దాటిన కాసేపటికి ఫోను మోగింది. నాన్నగారు రిసీవరు ఎత్తగానే సన్నాయి, డోలు హాలంతా వినిపించేంత గట్టిగా మోగాయి. దాని వెనక బాబాయిగారి గొంతు. "మంగళసూత్రం అయిపోయిందండీ. అక్షింతలు పంచుతున్నారండీ. నేను గుంజ పక్కనే ఉన్నానండీ. ఇంక చదవండి" అన్నారు. ఆయన సెల్‌ఫోను పైకెత్తి పట్టుకున్నారు కాబోలు, సన్నాయి ఇంకా దగ్గరైంది.

నాన్నగారు రిసీవరు నోటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టారు. చెరువుగట్టు మీద చదివిందే. అప్పటికన్నా నెమ్మదిగా, ఒక్క అక్షరం మింగకుండా చదివారు. తథాస్తు అనే చోటికి వచ్చి అలవాటుగా ఆగారు. అక్కడ అనడానికి వేరే పంతుళ్లెవరూ లేరు. ఆయన మళ్లీ సాగించబోతుంటే అమ్మ తథాస్తు అంది. ఆడవాళ్లు అనొచ్చో లేదో నాకు తెలియదు. తర్వాత ఆగిన చోటల్లా ఇద్దరం అన్నాం. పూర్తయ్యాక ఆయన గిన్నెలో అక్షింతలు తీసి రిసీవరు మీద చల్లి, దాన్ని జాగ్రత్తగా పెట్టేశారు. ఫోను మీద నుంచి బియ్యపు గింజలు నేల మీదికి జారాయి.

అమ్మ కళ్లు తుడుచుకుని గింజలు ఏరుతూ, "ఆ సన్నాయిల గోలలో ఆ పిల్లకి వినపడుతుందంటారాండీ?" అంది.

"పాడె మీద పడుకున్నవాడికే వినపడిందే" అన్నారు నాన్నగారు. అని, పట్టుపంచె మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు.